వరా, చెరువా, తోటా: గోదావరి డెల్టాలో మీ ఎకరాకు ఏది నప్పుతుంది

డెల్టాలో ఈ మధ్య నలుగురు రైతులు కలిస్తే ఇదే చర్చ. వరి మానేసి చెరువు తవ్వేయాలా, వరిలోనే రకం మార్చుకోవాలా, కొబ్బరి పెట్టేసి ఊపిరి పీల్చుకోవాలా, డ్రోన్లు, కొత్త విత్తనాలు అంటున్నారు కదా, వాటితో ఏమైనా ఒరుగుతుందా? ఎవరి పొలం వాళ్ల చేత ఒక సమాధానం చెప్పిస్తుంది. మండపేట దగ్గర మెరక చేను ఉన్నాయన ఇచ్చే సలహా అల్లవరం శివారు రైతుకు అక్కరకు రాదు. కాబట్టి ఒక్కో దారినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎలాంటి చేనుకు నప్పుతుందో, ఎక్కడ దెబ్బ తింటుందో చూద్దాం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నది మూడో ప్రశ్న. గట్టి వాన పడ్డాక చేలో నీరు ఎన్ని రోజుల్లో దిగిపోతుందన్నది మొదటిది. పంట ఏ తేదీకి గట్టెక్కుతుందన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు తెలుసుకోకుండా విత్తనం కొట్టుకు వెళ్లేవాళ్లే ఎక్కువ.

తేదీలు ఏం చెబుతున్నాయి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర పుణ్యమా అని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు 10 లక్షల ఎకరాలకు నీరు పారుతోంది. అయితే నీరు తెచ్చే కాలువల మీద ఉన్న శ్రద్ధ, నీరు తీసుకుపోయే మురుగు కాలువల మీద ఎప్పుడూ లేదు. 2011 సార్వాలో, అంటే వానాకాలపు వరి పంటకు, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు గట్టిగా వినిపించిన డిమాండు డ్రెయిన్లు బాగుచేయమనే. దేశానికి అన్నం పెట్టే చోట రైతులు చేలు బీడు పెట్టేశారంటే ఎంత విసిగిపోయి ఉంటారో ఆలోచించండి.

ఇప్పుడు తుఫానుల తేదీలు చూడండి. కోనసీమను ఊడ్చేసిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. పెథాయ్ 2018 డిసెంబరు 17న, మిచాంగ్ 2023 డిసెంబరు 5న, మొంథా 2025 అక్టోబరు 28న తీరం దాటాయి. అంటే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మధ్య దాకా సార్వా పంటకు భద్రమైన వారం అంటూ ఒక్కటీ లేదు. వరద కూడా అంతే. 1986 నాటి పెద్ద వరద ఆగస్టులో వచ్చింది. 2022లో జులైలోనే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆకుమళ్లు, అంటే నారుమళ్లు, అప్పుడే నాట్లు ఊడ్చిన చేలు ఉండే సమయం అది.

సముద్రం సంగతి వేరే. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి, డెల్టా నేల కుంగుతోంది, ఉప్పాడ దగ్గర తీరం కళ్ల ముందే కోసుకుపోతోంది. ఆటు పోట్లకు ఉప్పునీరు మురుగు కాలువల గుండా ఎగదన్నుతోంది. దీని ప్రభావం తీరం నుంచి మీ చేను ఎంత దూరంలో ఉందన్న ఒక్కదాన్ని బట్టే ఉండదు, మీ డ్రెయిన్‌కి తలుపు ఉందా, ఉంటే అది మూసుకుంటుందా అన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది.

ముందు చేను చదవండి

ఖర్చు లేని పని ఒకటి ఉంది. ఈ వానాకాలంలో ఒక పెద్ద వాన తర్వాత చేలో పల్లంగా ఉన్న మూలన ఒక కర్ర పాతి, రోజూ పొద్దున నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. రెండు మూడు రోజుల్లో నీరు గట్టు కిందికి దిగితే మీది మంచి చేను. వారం దాటినా గీత కదలకపోతే, మీరు ఎంచుకోవాల్సిన రకాలు, పద్ధతులు అన్నీ మారిపోతాయి.

రెండో పని నేల పరీక్ష. నత్రజని, భాస్వరం, పొటాష్ చెప్పే ఎన్పీకే అంకెలు సరే, అందులో ఈసీ అనే అంకె చూడండి, ఉప్పు ఎంత ఉందో చెప్పేది అదే. అది 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. నారు దశలో, పూత దశలో ఉప్పు బాగా కొడుతుంది, మధ్యలో కాస్త ఓర్చుకుంటుంది. ఈ పరీక్ష వానాకాలంలో చేయిస్తే అంకె బాగానే కనిపిస్తుంది, వాన ఉప్పును కడిగేస్తుంది కదా. వేసవిలో, నేల తెల్లగా పొర కట్టినప్పుడు చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మూడోది, మార్చిలో మీ బోదె, అంటే చేలకు నీరు తెచ్చే పిల్ల కాలువ, చివరికి వెళ్లి నిలబడండి. అప్పుడు నీరు వస్తోందా, పక్కవాడి ఇంజను వేస్తే తప్ప రావడం లేదా? దాళ్వా, అంటే సార్వా తర్వాత వేసే రెండో వరి పంట, సంగతి అక్కడే తేలిపోతుంది.

సార్వా: స్వర్ణా, పొట్టి కాలం రకమా

మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఇన్నేళ్లయినా చేలల్లోంచి పోలేదంటే ఊరికే కాదు. ఎరువు కాస్త తగ్గినా పండుతుంది, మిల్లువాడికి తెలిసిన గింజ. ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా ఆ విత్తనం వెళ్లింది. దాని చిక్కల్లా కాలం. దాదాపు 150 రోజులు.

లెక్క వేసుకోండి. జూన్ 10న ఆకుమడి పోస్తే నవంబరు 7కి కోత. కాలువ నీరు ఆలస్యమై జులై 5న పోస్తే కోత డిసెంబరు 2. ఆ రెండు తేదీల చుట్టూనే ఈ జిల్లాల తుఫాను చరిత్ర ఉంది. అదే జులై 5న 120 రోజుల రకం పోస్తే నవంబరు 2కే కోత మిషన్ చేలోకి దిగుతుంది. ఈ మధ్య ఏళ్లలో జూన్ మొదటి వారంలోనే కాలువలకు నీరు వదులుతున్నది ఇందుకే. కానీ కాలువ చివరన ఉండే శివారుకు ఆ నీరు ఎప్పుడు చేరుతుందన్నది మీకే తెలుసు. ప్రకటన తేదీ నుంచి కాక మీ బోదెలో నీరు కనపడిన తేదీ నుంచి లెక్క వేయండి.

అలాగని పొట్టి కాలం రకం అందరికీ మందు కాదు. జూన్ మొదట్లోనే ఆకుమడి పోసి 120 రోజుల రకం వేస్తే అక్టోబరు మొదట్లో, ఇంకా ముసుర్లు పడుతుండగానే కోతకొస్తుంది. తడి గింజ ఆరబెట్టడానికి ఎండ ఉండదు. పైగా పల్లపు చేలో ఎత్తు తక్కువైన పొట్టి కాలం రకం నిలువ నీళ్లలో మునుగుతుంది. అందుకే నేను అనేదేమంటే, మెరకలో నీరు ఆలస్యంగా వచ్చే చేనుకు పొట్టి కాలం రకం, నీరు ముందే వచ్చే చేనుకు 140 నుంచి 150 రోజుల రకం. ఊరంతా ఒకటే వేసేయడం మంచిది కాదు.

పల్లపు చేలకు మార్టేరువే ఎంటీయూ 1064 అమర, ఎంటీయూ 1061 ఇంద్ర చూడవచ్చు. అమర నిలువ నీటిని బాగా ఓర్చుకుంటుంది. ఇంద్రకు చౌడును తట్టుకునే గుణం కొంత ఉంది. ఉప్పు ఎక్కువగా ఉన్న తీరపు చేలకు మచిలీపట్నం కేంద్రం నుంచి వచ్చిన ఎంసీఎం రకాల గురించి రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఇక స్వర్ణ సబ్1 సంగతి. దీని గురించి చాలామందికి సగమే తెలుసు. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత నాటు రకంలోని మునక తట్టుకునే జన్యువును, మామూలు సంకర పద్ధతిలో, స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైంది. మామూలు వరి మునిగితే ఊపిరి కోసం సాగి, ఉన్న బలమంతా ఖర్చుపెట్టుకుని, నీరు తీశాక పడిపోతుంది. సబ్1 ఉన్న మొక్క సాగకుండా బిగబట్టి కూర్చుంటుంది. రెండు వారాల దాకా మునిగినా నీరు తీశాక మళ్లీ పిలక వేస్తుంది. కాబట్టి జులై, ఆగస్టు వరదలకు ఇది బ్రహ్మాండం. కానీ నవంబరులో పండిన వెన్ను నీళ్లలో పడితే సబ్1 ఏమీ చేయలేదు. గోదావరి గట్టు పక్క వరద మునక ఉన్న ఊళ్లకు ఇది సరైన కొనుగోలు. మురుగు దిగక కోతల్లో నష్టపోయే ఊళ్లకు కాదు.

కోతల ముందు వానకు భయపడేవాళ్లు అడగాల్సిన మాట వేరే ఉంది: ఈ రకానికి గింజ నిద్రావస్థ ఉందా? ఉంటే పడిన వెన్ను నాలుగు రోజులు తడిలో ఉన్నా మొలక రాదు. లేకపోతే మూడో రోజుకే వెన్ను మీద తెల్లటి మొలకలు, వాటి చివర లేత ఆకుపచ్చ. ఆ వెన్నును చేత్తో నలిపి చూడండి, గింజ మెత్తగా పాలుకారి, తీపి వాసన కొడుతుంది. ఆ ధాన్యాన్ని ఏ మిల్లువాడూ మొహం చూడడు. విత్తనం బస్తా మీద దిగుబడి అంకె పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఈ విషయం ఎక్కడా ఉండదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

డబ్బు లెక్కలో చూద్దాం. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, గ్రేడ్ ఏ 2,389. మన 75 కిలోల బస్తాకు సాధారణ రకమైతే సుమారు 1,777. ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ వచ్చే ఎక్కువ కాలం రకం వేస్తే పైన వచ్చేది దాదాపు 7,100. మంచిదే. కానీ తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర కోత మొదలవుతుంది. మిషన్ కోసిన ధాన్యంలో తేమ అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ముసురులో బరకాలు, కూలీలు, రోడ్డు మీద రెండుసార్లు ఎత్తి పోయడం, చేను బురదైతే మామూలు మిషన్ దిగక చైన్ మిషన్‌కి ఎక్కువ అద్దె. ఇవన్నీ కలిపితే ఆ నాలుగు బస్తాలూ ఒక్క వారంలో ఆవిరి.

ఒక చిన్న మాట. చేత్తో కోసి పనలు వేసే పద్ధతి గడ్డికి మంచిది, పశువులున్న ఇంటికి గడ్డి ధనమే. కానీ పనల మీద గడిచే ప్రతి రోజూ తుఫానుకు తలుపు తీసి ఉంచినట్టే. మిచాంగ్‌లో ఎక్కువ దెబ్బ తిన్నది కోసి చేలో వదిలిన పంటే. అల్పపీడనం వార్త వినపడ్డాక కోయకుండా ఉంచడమే మేలని అధికారులు చెప్పేది కూడా అందుకే.

ఊడ్పా, వెదా

కూలీలు దొరకడం లేదన్నది అందరికీ తెలిసిన గోడు. డ్రమ్ సీడర్‌తో వెద పెడితే, అంటే నారు ఊడ్చకుండా విత్తనాన్నే నేరుగా చేలో వేస్తే, విత్తనం ఎకరాకు 12 నుంచి 15 కిలోలు చాలు, ఆకుమడి ఖర్చు లేదు, ఊడ్పు కూలీ లేదు, పంట వారం పది రోజులు ముందే వస్తుంది. ఆ వారం పది రోజులే నా దృష్టిలో అసలు లాభం.

చిక్కు ఎక్కడంటే, దమ్ము చేశాక చేను అద్దంలా చదునుగా ఉండాలి. మొలక బయటపడే మొదటి వారంలో పెద్ద వాన పడి నీరు నిలిస్తే విత్తనం కుళ్లిపోతుంది. కలుపు కూడా ఎక్కువే, మొదటి రోజుల్లోనే మందు కొట్టాలి, ఆలస్యమైతే మీ చేతుల్లో ఉండదు. అందుకని కర్ర గీత రెండు రోజుల్లో దిగే చేనుకు వెద, మిగతా వాటికి ఊడ్పు. ఊడ్పు మిషన్ అద్దెకు దొరికే ఊళ్లో అయితే అదే మధ్యేమార్గం. దానికి ట్రేలల్లో రెండు వారాల లేత నారు పెంచాలి, ఆ పని అలవాటైన వాళ్ల దగ్గర కొనుక్కోవడమే తేలిక.

దాళ్వా మీద ఆశ ఎంత పెట్టుకోవచ్చు

తుఫాను భయం తక్కువ, ఎండ పుష్కలం, దిగుబడి సార్వా కంటే ఎక్కువ. ఇన్నాళ్లూ డెల్టా రైతును నిలబెట్టింది దాళ్వానే. కానీ జనవరి తర్వాత గోదావరిలో సహజ ప్రవాహం పడిపోతుంది. ఆ పైన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ల మీదే ఎక్కువగా ఆధారం. శివారులో వంతుల వారీ నీరు, రాత్రిళ్లు గట్ల మీద కాపలా, గొడవలు.

వేడి ఇంకో సమస్య. పూత విచ్చే వేళ ఎండ 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో చూసిన దాని ప్రకారం, దాళ్వా లాంటి ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం దాకా పడిపోయింది. అందరూ పగటి ఎండ గురించి మాట్లాడతారు, రాత్రి ఉక్కను ఎవరూ లెక్క పెట్టరు. దీనికి విరుగుడు ఒకటే, సార్వా ముందు ముగించి దాళ్వా ముందు ఊడ్చడం. మార్చి ఎండ ముదరకముందే పూత అయిపోవాలి. అంటే సార్వాకి స్వర్ణ వేయాలా వద్దా అన్న ప్రశ్న మళ్లీ ఇక్కడికే వచ్చింది.

రకాల్లో ఎంటీయూ 1121, ఎంటీయూ 1010 లాంటి 120 రోజులకు అటూఇటూ ఉండే రకాలు దాళ్వాకు నప్పుతాయి. బొండాలు అని మనం పిలిచే ఎంటీయూ 3626కి కేరళ మార్కెట్ ఉంది, లారీలు వచ్చి ఎత్తుకెళ్తాయి. ఆ ఏడాది వ్యాపారి గట్టి మాట ఇస్తేనే వేయండి. కేరళ వాళ్లు కొనకపోతే దాన్ని మన ఇళ్లల్లో తినేవాళ్లు తక్కువ.

నీరు తక్కువైన చోట తడి పొడి పద్ధతి బాగా పనికొస్తుంది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, సగానికి పైగా భాగానికి చుట్టూ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల భాగం భూమిలో ఉండేలా దిగగొట్టాలి, లోపలి మట్టి తీసేయాలి. చేను పైకి ఎండినట్టు కనిపించినా గొట్టంలో నీరు ఎక్కడుందో తొంగి చూడవచ్చు. నేల మట్టానికి అర అడుగు లోతుకు, అంటే 15 సెంటీమీటర్లకు దిగితే అప్పుడు నీరు పెట్టాలి. పూత సమయంలో మాత్రం ఎండనివ్వకూడదు. నీరు పావు వంతు దాకా కలిసొస్తుంది, నిలువ నీటి మడిలోంచి వచ్చే మీథేన్ వాయువు సుమారు సగానికి తగ్గుతుంది.

ఆ మీథేన్ తగ్గినందుకు కార్బన్ క్రెడిట్ డబ్బులిస్తామంటూ సంస్థలు తిరుగుతున్నాయి. సంతకం పెట్టే ముందు ఎన్నేళ్ల ఒప్పందం, డబ్బు భూమి యజమానికా కౌలు రైతుకా అన్న రెండు సంగతులు కాగితం మీద చూడండి. ఇంకో చిక్కు కూడా ఉంది. కాలువ నీరు వంతుల వారీగా వచ్చే చోట ఒక్కరే ఈ పద్ధతి పాటించలేరు. గొట్టం చూసుకుని ఇవాళ వద్దనుకుంటే మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. బోదె కింద అందరూ ఒప్పుకోవాలి, లేదా సొంత బోరు ఉండాలి.

చెరువు

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చూసి ఆశపడని రైతు లేడు. రెండూ చెరువే అయినా చేపల చెరువు, రొయ్యల చెరువు ఒకటి కావు.

శీలావతి, బొచ్చె పెంచే మంచినీటి చెరువులో డబ్బు నెమ్మదిగా వస్తుంది, టెన్షన్ తక్కువ. సరుకు అస్సాం, బెంగాల్ వెళ్తుంది. మేత ఖర్చు పెరిగి మిగులు సన్నబడింది కానీ, రాత్రికి రాత్రి మునిగిపోయే వ్యాపారం కాదు.

రొయ్యల చెరువుల్లో పెంచే వనామీ రకం అలా కాదు. 2009లో మన దేశంలోకి అనుమతించారు. అంతకుముందు టైగర్ రొయ్యను తెల్లమచ్చ తెగులు తుడిచిపెట్టేసిన సంగతి పెద్దవాళ్లకి గుర్తుంటుంది. మూడు నాలుగు నెలల్లో పట్టుబడి, బాగుంటే వరి పదేళ్లలో ఇవ్వనిది ఒక్క పంటలో ఇస్తుంది. బాగోకపోతే అప్పు కూడా అదే వేగంతో పెరుగుతుంది.

వాతావరణం మారడం రొయ్యను వరి కంటే గట్టిగా కొడుతుంది, ఈ సంగతి చెరువు తవ్వించే మధ్యవర్తులు చెప్పరు. కుండపోత వాన పడితే చెరువు నీటి వేడి, ఉప్పదనం ఒక్కసారిగా పడిపోతాయి, రొయ్య నీరసిస్తుంది, తెగులు అప్పుడే అందుకుంటుంది. మబ్బు పట్టిన రోజు నీటిలో నాచు ఆక్సిజన్ తక్కువ ఇస్తుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు అది అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి జనరేటర్ మొండికేస్తే, రొయ్యలు గట్టు అంచుకు వచ్చి నీటి పైపొరలో కొట్టుకుంటుంటాయి. టార్చి వేస్తే కళ్లు ఎర్రగా వందల చుక్కలు. గంటలో ఏరేటర్లు, అంటే నీటికి గాలి ఎక్కించే యంత్రాలు, తిరగకపోతే పొద్దున వలతో ఎత్తి పోసుకోవడమే.

ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ నేరుగా చెరువు గట్టు మీద కౌంట్ రేటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి ఇచ్చే ధరకు, తగిలింది. వరికి ఎంత తక్కువైనా మద్దతు ధర అనే అడుగు ఒకటి ఉంది, రొయ్యకు అది లేదు.

అన్నిటికంటే నాకు అభ్యంతరం ఏమిటంటే, ఇది వెనక్కి తిరిగి రాలేని దారి. పైమట్టి తీసి గట్టు పోశాక, ఉప్పు ఇంకాక, ఆ నేల మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది. పక్క చేనువాడు ఏ పాపమూ చేయకుండానే నష్టపోతాడు, ఊటకు ఆయన చేను చౌడు బారుతుంది. ఊళ్లల్లో అన్నదమ్ముల మధ్య కూడా ఈ గొడవలు నడుస్తున్నాయి. 2020 నాటి రాష్ట్ర ఆక్వా ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం చెరువుకు అనుమతి తప్పనిసరి. అనుమతి లేని చెరువు అమ్మకంలోనూ, నష్ట పరిహారంలోనూ ఇబ్బంది పెడుతుంది.

మరి చెరువు ఎవరికి? ఇప్పటికే చుట్టూ చెరువులై, చేను చౌడెక్కి, వరి పండక కూర్చున్న వాళ్లకు అది దాదాపు ఒక్కటే దారి. వాళ్లు కూడా మొదట చేపతో మొదలుపెట్టడం మంచిది. మంచి వరి చేను ఉన్నవాళ్లు తవ్వడం మాత్రం, నా లెక్కలో, బంగారం కుదువ పెట్టి లాటరీ టికెట్టు కొనడమే.

కొబ్బరి, దాని నీడన కోకో

కోనసీమకు కొబ్బరి కొత్తగా చెప్పేదేముంది. దేశవాళీ పొడుగు చెట్టు కాపుకు ఆరేడేళ్లు, గంగాబొండాన్ని దాంతో కలిపి తెచ్చిన గోదావరి గంగ లాంటి సంకర రకాలు నాలుగైదేళ్లు. 1996లో కూలిన తోటలు మళ్లీ కాపుకు రావడానికి ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయ్యారు. 2016లో దేశంలోకి వచ్చిన తెల్లదోమ ఆకుల మీద మసి పట్టిస్తోంది. దానికి విచ్చలవిడిగా మందు కొట్టకుండా అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పే మిత్ర పురుగుల పద్ధతే నయం. దింపు తీసేవాళ్లు దొరకడమే రాను రాను కష్టం.

కొబ్బరి ఉప్పును ఓర్చుకుంటుందనే నమ్మకంతో పల్లంలో పెట్టకండి. ఉప్పు కంటే నిలువ నీరు దానికి ప్రమాదం. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎగదన్ని నిలబడితే చెట్ల తలలు ఎలా వాడిపోయాయో చూసినవాళ్లున్నారు.

కోకో మాత్రం ఆసక్తికరమైన పందెం. పశ్చిమ ఆఫ్రికాలో వానలు తప్పి, తెగుళ్లు పట్టి 2024లో ప్రపంచ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది, 2025లో మళ్లీ జారిపోయింది. ఘనాలో వాన పడకపోతే ఏలూరు జిల్లా రైతు జేబు నిండింది, అక్కడ పడితే ఖాళీ అయింది. ఉన్న కొబ్బరి తోటలో అంతర పంటగా, అది కూడా నీటి వసతి ఉంటేనే పెట్టండి. దాని కోసం తోట వేయకండి.

డ్రోను, కొత్త విత్తనం, ప్రకృతి సేద్యం

డ్రోన్ కొనడం గురించి ఆలోచించకండి, అద్దెకు పిలవండి. పది లీటర్ల ట్యాంకుతో ఎకరం పది నిమిషాల్లో అయిపోతుంది. మనిషి మందులో తడవడు, ఎదిగిన చేను తొక్కుడు పడదు. దోమపోటుకు మాత్రం అంత పనికిరాదు. దోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, డ్రోన్ మందు పై ఆకుల మీదే ఆగుతుంది. అక్కడ పాయలు తీసి చేతి పంపుతో కొట్టాల్సిందే.

2025 మే 4న కేంద్రం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. ఒకటి సాంబ మసూరి నుంచి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, మాతృ రకం కంటే సుమారు 20 రోజులు ముందు కోతకు వస్తుందని చెబుతున్నారు. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. దాని తల్లి మన మార్టేరు ఎంటీయూ 1010 కాటన్ దొర సన్నాలే, చౌడును తట్టుకునేలా మార్చారు. మన డెల్టాకు రెండూ సరిగ్గా కావాల్సిన గుణాలే. కానీ ప్రకటన వేరు, మీ ఊరి చేలో నాలుగు సీజన్లు నిలబడడం వేరు. ఆ పేరు చెప్పి ఎవరైనా సంచి అమ్మితే ధ్రువీకరణ ట్యాగు, బిల్లు లేకుండా కొనకండి. దొరికిన ఏడాది పావు ఎకరంలో వేసి చూడండి.

2016 నుంచి రాష్ట్రంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయంలో నాకు బాగా నచ్చింది ఒకటే ముక్క. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి, పూతకు రాగానే దున్నేయడం. ఏటా రెండు వరి పంటలు పీల్చేసిన నేలకు అది ప్రాణం పోస్తుంది. మిగతాదంతా ఒక్కసారే మార్చుకోమని కౌలు రైతుకు చెప్పడం న్యాయం కాదు.

మీది ఏ చేను

కాలువ మొదట్లో, నీరు త్వరగా దిగే సొంత చేను ఉంటే వరి వదలకండి. సార్వా ముందు వేసి, వెద లేదా ఊడ్పు మిషన్‌తో రోజులు కలిసొచ్చేలా చేసుకుని, దాళ్వాను మార్చి ఎండలకు ముందే పూతకు తెచ్చుకోండి.

మురుగు దిగని మధ్య డెల్టా పల్లం అయితే, సార్వాకు అమర లాంటిది, సగం చేనుకే. మిగతా సగం మెరక చేసి కొబ్బరి. ఏ రకమైనా వేసేముందు పది మంది కలిసి డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయించండి. విత్తనం మార్చితే వచ్చే లాభం కంటే ఇదే ఎక్కువ ఇస్తుంది, అదీ ఆ ఏడాదే.

తీరపు శివారులో, వేసవి ఈసీ బాగా పెరిగిన చేనుకు ఒక్క సార్వా చాలు, అది కూడా చౌడు తట్టుకునే రకంతో, వానలకు ఉప్పు కడుక్కుపోయాకే ఊడ్చాలి. దాళ్వా నీటి కోసం ఏటా కొట్లాడే బదులు మినుము, పెసర లాంటివి చల్లుకోవచ్చు. మురుగు దిగడం వాటికీ ముఖ్యమే.

కౌలు రైతులకు లెక్క వేరు. డెల్టాలో నిజంగా దున్నేవాళ్లు ఎక్కువగా వాళ్లే. తోట, చెరువు లాంటి ఏళ్ల తరబడి పెట్టుబడులు వాళ్ల చేతిలో లేనివి, కాబట్టి రకం, తేదీ, పద్ధతి, ఈ మూడే వాళ్ల ఆయుధాలు. ఆ మూడింటితో పాటు పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలి. అది లేకపోతే పరిహారం వచ్చినా భూమి యజమాని ఖాతాలో పడుతుంది. సంతకం పెట్టడానికి భూమి యజమాని జంకితే, 2019 చట్టం ప్రకారం ఈ కార్డు వల్ల భూమి మీద హక్కేమీ రాదని, అది 11 నెలలకే పరిమితమని ఆయనకు వివరించండి. ఊడ్పు అయిన వెంటనే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, మీ పేరు, వేసిన రకం సరిగ్గా ఎక్కాయో లేదో ఫోన్‌లోనే ఒకసారి చూసుకోండి. తుఫాను వచ్చాక చేసే నష్టం లెక్క, మద్దతు ధరకు ధాన్యం కొనుగోలు, రెండూ ఆ నమోదు దగ్గర నుంచే మొదలవుతాయి.